నువ్వు గొప్పదానివే, బినాలే తల్లీ

వెనిస్ బినాలే తల్లీ, నువ్వు గొప్పదానివి. 1895 ఏప్రిల్‌లో, ఇటలీ రాజు ఉంబెర్తో, రాణి మార్గెరీతల పెళ్ళి రజతోత్సవం గుర్తుగా మొదలయ్యావు. రెండు ప్రపంచ యుద్ధాలు చూశావు. ముస్సోలినీని చూశావు. 1968లో విద్యార్థులు నీ మీదే తిరగబడటం చూశావు. కరోనా వచ్చి 2021లో జరగాల్సిన నీ కళా పండుగను 2022కి జరిపితే అదీ తట్టుకున్నావు. లోకంలో ఇవాళ ఎన్ని బినాలేలున్నాయో, మన కొచ్చిలో జరిగేదాకా, అన్నీ నీ పేరు పెట్టుకున్నవే. 2024లో ఏడు లక్షల టికెట్లు తెగాయి. ఈ కాలపు కళను ఒక్కచోట ఇంత పెద్ద ఎత్తున చూపించగలిగినవాళ్ళు నువ్వు తప్ప పెద్దగా లేరు.

ఇప్పుడీ స్తుతి ఎందుకు ఎత్తుకున్నానో చెబుతాను. మా అక్క కూతురు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తోంది. వేటపాలెం నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకుని ఇటలీ తిప్పాలని దాని కోరిక. రోము, ఫ్లారెన్సు అయ్యాక వెనిస్‌కి ఒక్క రోజు మిగిలింది. "మావయ్యా, మేం వెళ్ళేసరికి అక్కడ బినాలే నడుస్తుంటుంది. నాన్నని తీసుకెళ్ళమంటావా, లేకపోతే గొండోలా ఎక్కించి, సాన్ మార్కో చూపించి తీసుకొచ్చెయ్యమంటావా?" అని ఫోన్ చేసింది. మా బావ నేత కుటుంబంలో పుట్టినవాడు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకునే పెద్దయ్యాడు. బట్టని వేళ్ళ మధ్య నలిపి అది ఎన్నో నంబరు నూలో చెబుతాడు. అటువంటి మనిషి జీవితంలో ఒక్కసారి వెనిస్ వెళ్తున్నాడు. ఆయన రోజు నీకివ్వాలా వద్దా?

శ్రీకాకుళాంధ్ర దేవుడి ముందు నిలబడి కాసుల పురుషోత్తమ కవి ఒక శతకం నిండా స్వామిని నిలదీశాడు. పైకి నింద, లోపల భక్తి. నేను అదే పద్ధతిని తిరగేసి పట్టుకున్నాను. నీలో మెచ్చుకోవలసినవి ఒక్కొక్కటే లెక్కపెడుతుంటే, అవే నీ మీద ఫిర్యాదులవుతున్నాయి. ఇందులో వెటకారం లేదు. నువ్వు నాకు ముఖ్యం కాబట్టే మా బావ రోజు విషయంలో ఇంత పట్టింపు.

ముందుగా నీ విస్తారాన్ని మెచ్చుకుంటాను. 2024లో ప్రధాన ప్రదర్శన ఒక్కదానిలోనే 331 మంది కళాకారులు, కళాబృందాలు. దానికి తోడు ఎనభైకి పైగా దేశాల పెవిలియన్లు. జార్దీనీ అనే తోట ఒక చోట, ఒకప్పుడు వెనిస్ రాజ్యం తన ఓడలన్నీ కట్టించుకున్న ఆర్సెనాలే ఇంకో చోట. వేసవిలో నీ తలుపులు తెరిచి ఉండేది పగలు పదకొండు నుంచి ఏడింటిదాకా. ప్రధాన ప్రదర్శనలోని ఒక్కొక్కరికి ఒక్క నిమిషం ఇచ్చుకుంటూ పోయినా ఐదున్నర గంటలు పడుతుంది. అందులో నడక లేదు, అన్నం లేదు, కూర్చోవడం లేదు, ఒక్క దేశపు పెవిలియన్ కూడా లేదు. నిమిషానికొకటి చొప్పున చూడటమంటే అది చూడటమా? హాజరు పట్టీలో టిక్కు పెట్టడం.

ఇంత పెద్దదానివి కాబట్టే నిన్ను నిండుగా చూసే యోగం ఊళ్ళో వారం రోజులు బస చెయ్యగలిగినవాళ్ళకే ఉంది. విమర్శకులు, గ్యాలరీల యజమానులు, మ్యూజియం వాళ్ళు, కొనేవాళ్ళు. ఒక్క రోజు చేతిలో పెట్టుకుని వచ్చిన మనిషి నీ దగ్గర ఎప్పుడూ ఓడిపోతాడు. ఓడిపోయినవాడు నిన్ను తప్పు పట్టడు, అదే నాకు కడుపుమంట. కాళ్ళు పీకుతూ, తల దిమ్మెక్కి బయటికొచ్చి, "మనకివన్నీ అర్థం కావులే" అనుకుంటాడు. చాలినంత సమయం లేకపోవడం వల్ల వచ్చిన అలసటని తన తెలివితక్కువతనం కింద రాసుకుంటాడు. ఆ ఒక్క రోజు తరవాత ఇక జన్మలో ఏ ఆర్ట్ గ్యాలరీ గడపా తొక్కడు. ఏడు లక్షల టికెట్లలో అలా తిరిగి వెళ్ళినవాళ్ళని లెక్కపెట్టే పుస్తకం నీ దగ్గర లేదు తల్లీ.

నీ నిరాడంబరతని కూడా ఒప్పుకుంటాను. 1968 గొడవల దాకా నీ దగ్గర బొమ్మలు అమ్మిపెట్టే కార్యాలయం ఉండేది. దాన్ని ఎత్తేశావు. పెద్ద బహుమతులనూ ఆపేశావు, 1986లో గానీ మళ్ళీ ఇవ్వలేదు. కళను సంతలో సరుకు కానివ్వనన్నావు. మంచి మాట. కానీ నీ తోటకి వెళ్ళే దారిలో, రీవా దెయి సెత్తే మార్తిరి అనే గట్టు ఉంది. 1944 ఆగస్టులో నాజీ సైనికులు ఏడుగురు బందీలను అక్కడ నిలబెట్టి కాల్చి చంపారు, ఆ ఏడుగురి పేరే ఆ గట్టుకి. నీ ప్రారంభోత్సవ వారంలో కోటీశ్వరుల విహారనౌకలు వచ్చి కట్టేసుకునేది ఆ గట్టుకే. 2011లో అలాంటి ఒక నౌక ఎంత పెద్దదంటే, నీటి వైపు చూపంతా మూసేసిందని ఊరివాళ్ళు గొడవ పెట్టారు. నీ లోపల అమ్మకం లేదు, నిజమే. నీ గుమ్మంలో ఏముందో అందరికీ కనిపిస్తూనే ఉంది.

టికెట్ ధర మాటకొస్తే, 2024లో పెద్దవాళ్ళకి 30 యూరోలు. ముగ్గురికి 90. గొండోలాకి ఊరు నిర్ణయించిన పగటి రేటు అరగంటకి 90 యూరోలు, అందులో ఐదుగురు ఎక్కొచ్చు. ఊళ్ళో తిరిగే వాటర్ బస్సు ఒక్కసారి ఎక్కితే మనిషికి 9.50. 2024 నుంచి రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళ దగ్గర ఊరు విడిగా రుసుము కూడా వసూలు చేస్తోంది. నీ టికెట్ల 90 యూరోలు ఎక్కువా తక్కువా అన్నది నా గొడవ కాదు. రెండు ప్రాంగణాల్నీ రెండు వేర్వేరు రోజుల్లో చూడనిచ్చే టికెట్ అది, ఆ లెక్కన అన్యాయమూ కాదు. కానీ దాని అసలు విలువ రెండు రోజులున్నవాడికే దక్కుతుంది. ఒక్క రోజు మనిషి సగం ధర నీకు కానుకగా వదిలేసి పోవాల్సిందే.

ఇక నీ సర్వదేశ సమభావం. నీ తోట నిండా దేశాలకు ఇళ్ళున్నాయి. ముప్ఫైకి దగ్గరగా. 1907లో బెల్జియం మొదట కట్టుకుంది. 1909లో బ్రిటన్, తోటలో ఎత్తైన చోట ఉన్న ఒక పాత కాఫీ హోటల్ భవనాన్ని తీసుకుని తన పెవిలియన్‌గా మార్చుకుంది. 1912లో ఫ్రాన్స్, 1914లో రష్యా. ఆ ఏళ్ళలో మేం బ్రిటన్ కింద ఉన్నాం. ఆసియా ఆఫ్రికాల్లో సగం మంది ఎవరో ఒకరి కింద ఉన్నారు. ఇళ్ళ స్థలాలు పంచిన రోజున ఎవరు రాజులో వాళ్ళ పేరే నీ తోటలో రాళ్ళ మీద చెక్కి ఉంది. 1938లో నాజీలు తమకు కావలసినట్టు మార్చి కట్టించుకున్న జర్మన్ పెవిలియన్ ఇవాళ్టికీ నిలబడి ఉంది. హాన్స్ హాకె అనే జర్మన్ కళాకారుడు 1993లో దాని నేల పలకలన్నీ పగలగొట్టి, ఆ ముక్కల మీదే జనాన్ని నడిపించాడు. కాలు వేస్తే రాయి కదిలి చప్పుడయ్యేది. ఆ పనికి నువ్వు నీ పెద్ద బహుమతి స్వర్ణ సింహం ఇచ్చావు. నీ తప్పుని నీ ఇంట్లోనే పగలగొట్టినవాడిని సత్కరించడం చిన్న గుణం కాదు. ఆ తరవాత రెండేళ్ళకి కొరియా తన ఇల్లు కట్టుకుంది. మూడు దశాబ్దాల పాటు ఇంకెవరికీ చోటు లేదన్నావు. మొన్నీమధ్య ఖతార్‌కి చోటు దొరికింది.

భారతదేశానికి నీ తోటలో ఇల్లు లేదు. ఈ తప్పు నీ ఒక్కదానిదని అనను, పెద్ద వాటా మా ప్రభుత్వాలదే. 2011లో రంజిత్ హోస్కొటే క్యూరేటర్‌గా మొదటిసారి అధికారికంగా దేశం పేరుతో పెవిలియన్ పెట్టాం, ఆర్సెనాలేలో. తరవాత ఎనిమిదేళ్ళు గైర్హాజరు. 2019లో గాంధీ 150వ జయంతి సందర్భంగా మళ్ళీ వచ్చాం. హరిపుర కాంగ్రెస్ మహాసభ కోసం నందలాల్ బోస్ వేసిన బొమ్మలున్నాయి. జితీశ్ కల్లట్ చేసిన చీకటి గది ఉంది. 1939లో యుద్ధం ఆపమని గాంధీ హిట్లర్‌కి రాసిన ఉత్తరం, పై నుంచి తెరలా కిందికి జారే మంచుపొగ మీద అక్షరాలై నడుస్తుంటుంది. చదువుతూ ముందుకెళ్ళిన మనిషి ఆ ఉత్తరంలోంచే అవతలికి నడిచిపోతాడు. అతని ఒంటి మీద తడి తగులుతుంది, వెనక అక్షరాలు చెదిరి మళ్ళీ కూడుకుంటాయి. అంత పని చూపించి, 2022లో, 2024లో మళ్ళీ కనబడకుండా పోయాం. 2026కి తిరిగి వస్తున్నట్టు ప్రకటించారు. మధ్యలో 2015లో, రెండు ప్రభుత్వాలూ చెయ్యని పని గుజ్రాల్ ఫౌండేషన్ చేసింది. ముంబయి శిల్పా గుప్తానీ లాహోరు రషీద్ రాణానీ ఒకే భవంతిలో పక్కపక్కన నిలబెట్టింది. దేశాల వారీగా ఇళ్ళు పంచే నీ పద్ధతిలో ఆ ఇద్దరికీ కలిపి ఇల్లు లేదు. అద్దె భవంతిలో, అనుబంధ కార్యక్రమంగా జరగాల్సి వచ్చింది.

ఇంకొక ఇంటి గురించి చెప్పాలి. 2003లో కళాకారుడు సాంతియాగో సియెర్రా స్పెయిన్ పెవిలియన్ ముందు గుమ్మాన్ని ఇటుకలతో కట్టేశాడు. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తే కాపలావాళ్ళు గుర్తింపు కార్డు అడిగేవాళ్ళు. స్పెయిన్ దేశస్థులైతే లోపలికి, కాకపోతే వెనక్కి. తమ దేశంలో తమని ఎవరూ ఆపకపోవడానికి అలవాటుపడ్డ పెద్దమనుషులు ఆ గుమ్మం దగ్గర మండిపడ్డారట. మా వాళ్ళకి ఆ కళాఖండం కొత్తగా నేర్పేదేం లేదు. మా అక్కా బావా షెంగెన్ వీసా కోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి పన్ను రసీదులు, కూతురి జీతం కాగితాలు జత చేసి, వేలిముద్రలిచ్చి వచ్చినవాళ్ళు. ఆ గోడని నీ తోటకి రాకముందే చూశారు.

నీ కరుణ గురించి ఇక్కడ ఆగి మాట్లాడాలి. 2015 ఏప్రిల్ 18న లిబియా నుంచి ఇటలీకి బయల్దేరిన ఒక చేపల పడవ మునిగిపోయింది. అందులో వందల మంది, చాలామంది అడుగు అరల్లో కుక్కి ఉన్నవాళ్ళు. బతికి బయటపడ్డది 28 మంది. ఇటలీ నౌకాదళం మరుసటి ఏడు ఆ పడవను సముద్రం అడుగు నుంచి పైకి తీసింది. 2019లో స్విస్ కళాకారుడు క్రిస్టోఫ్ బ్యూకెల్ దాన్ని ఆర్సెనాలే గట్టు మీద నిలబెట్టించాడు. పేరు, మన పడవ. తుప్పు పట్టిన పక్కలు, నీలం ఎరుపు రంగుల పెచ్చులు, లోపలివాళ్ళని తియ్యడానికి కోసిన చదరపు కంతలు. పక్కనే కాఫీ బల్లలు. ఇదేమిటో చెప్పే పలక అక్కడ పెట్టలేదు. పలక లేకపోవడమే కళాకారుడి ఉద్దేశం అన్నారు. తెలిసినవాళ్ళు నోటి మీద చెయ్యి వేసుకున్నారు. తెలియనివాళ్ళు కాఫీ తాగి, దాని ముందు ఫోటో దిగి వెళ్ళారు. ప్రదర్శన అయిపోయాక కూడా ఆ పడవ 2021లో గానీ సిసిలీకి తిరిగి చేరలేదు.

ప్రపంచం ముఖం తిప్పుకున్న చావుల్ని ప్రపంచం ముందు పెట్టావు. ఆ ధైర్యాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ ఆ పడవలో చనిపోయినవాళ్ళకి నీ దగ్గర ఒక వాక్యం దక్కలేదు. మా బావ ఊరికి దగ్గర్లోనే, సముద్రపు ఒడ్డున, మోటుపల్లి అని ఒక పాత రేవు ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. గాలివానకి దారి తప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సొత్తును అంతకుముందు రాజులు లాక్కునేవారని, తాను ఆ పని చెయ్యనని, న్యాయమైన సుంకం తప్ప ఏమీ ముట్టనని, సముద్ర వర్తకులకి అభయమిస్తున్నానని రాతి మీద చెక్కించాడు. విరిగిన ఓడ కనిపిస్తే ఏం చెయ్యాలో ఎనిమిది వందల ఏళ్ళ కింద ఒక రాజు అక్షరాల్లో రాయించాడు. నువ్వు ఒక్క పలక రాయించలేకపోయావు. చూసేవాడికి వదిలెయ్యడమే గొప్ప కళ అని నీవాళ్ళు నాతో వాదించొచ్చు. ఆ పడవ ఎవరిదో తెలియక దాని నీడలో కాఫీ తాగిన మనిషిని అవమానించే హక్కు మాత్రం ఏ కళకీ లేదు. చనిపోయినవాళ్ళని అతని ఫోటోలో వెనక తెరగా మార్చే హక్కు అంతకన్నా లేదు.

ఆ మోటుపల్లికే మీ ఊరి మార్కో పోలో వచ్చాడు. ముత్‌ఫిలి అని రాశాడు. ఆయన రాసిన రాణి రుద్రమదేవి అంటారు. ఇక్కడి వజ్రాల గురించి, రాణి న్యాయం గురించి రాసి, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని, దాన్ని కట్టుకోవడానికి ఇష్టపడని రాజూ రాణీ ఉండరని మెచ్చుకున్నాడు. మీ వెనిస్ డబ్బులో చాలా వాటా మా తీరాల మిరియాలు, బట్టలు, రంగురాళ్ళ వ్యాపారం మీద కట్టిందే. అయినా నీ తొలి వందేళ్ళలో మగ్గం మీద పుట్టినదాన్ని కళగా చూసింది తక్కువ. అది చేతిపని, ఇది కళ అని రెండు గదులు చేసి పెట్టావు.

ఇటీవల ఆ గోడ తీశావు. ఇది నేను ఏ మెలికా లేకుండా పొగిడే విషయం. 2022లో చెచీలియా అలెమానీ క్యూరేటర్‌గా చేసిన ప్రదర్శనలో చాలా పెద్ద భాగం స్త్రీల పనే. అందులో మృణాళినీ ముఖర్జీ జనపనార తాళ్ళకు రంగులేసి, చేత్తో ముడులు వేసి అల్లిన నిలువెత్తు విగ్రహాలున్నాయి.  2024లో ఆద్రియానో పెద్రోసా, లాటిన్ అమెరికా నుంచి నీకు వచ్చిన మొదటి క్యూరేటర్, విదేశీయులు ప్రతిచోటా ఉన్నారన్న అర్థం వచ్చే పేరు పెట్టి ప్రపంచపు పేద దక్షిణాన్ని నీ నట్టింట కూర్చోబెట్టాడు. చిత్రకారుడు భూపేన్ ఖాఖర్ ఉన్నాడు. బెంగళూరు ట్రాన్స్‌జెండర్ స్త్రీల బృందం అరవాని ఆర్ట్ ప్రాజెక్టు వేసిన గోడచిత్రం ఉంది. ఆర్సెనాలేలో మొదటి పెద్ద గదిలోనే న్యూజీలాండ్ మావోరీ స్త్రీలు నలుగురు, మతాహో బృందం, ఒక పని వేలాడదీశారు. లారీల మీద సరుకు కదలకుండా బిగించే పట్టీలు తెలుసు కదా, వాటిని ఈ గోడ నుంచి ఆ గోడకి లాగి, తల పైన పడుగూ పేకా వేసి, వాళ్ళ పురుడింట్లో పరిచే చాపని ఆకాశమంత చేశారు. పట్టీల నీడలు గోడల మీద ఇంకో చాపై పడేవి. దానికే స్వర్ణ సింహం వచ్చింది.

ఆ చాప వేలాడిన భవనం పేరు కోర్దెరీ. మూడువందల మీటర్ల పైచిలుకు పొడవు. వెనిస్ ఓడలకి కావలసిన జనపనార మోకుల్ని పేనింది అక్కడే. అంత పొడవు ఎందుకంటే మోకు ఎంత పొడవో పేనేవాడు అంత దూరం నడవాలి. మగ్గం తెలిసిన మనిషికి ఆ హాలు చూడగానే సంగతి అర్థమవుతుంది, గైడు అక్కర్లేదు. మా బావ ఆ పట్టీల చాప కింద నిలబడి ఉంటే ఏం చేసేవాడో నాకు బాగా తెలుసు. మెడ ఎత్తి, ఏది పడుగో ఏది పేకో చూసుకుని, ఎక్కడ దారం మారిందో వేలితో గాలిలో లెక్కపెట్టేవాడు. పది భాషల్లో పుస్తకాలు రాసిన విమర్శకుడికి ఆ లెక్క తెలియదు.

అదే ఏడు ఆస్ట్రేలియా పెవిలియన్‌లో ఆర్చీ మూర్ నాలుగు నల్లగోడల మీద, పైకప్పు మీద, సుద్దముక్కతో తన వంశవృక్షం రాశాడు. అక్కడి ఆదివాసుల 65 వేల ఏళ్ళ వంశం. దగ్గరికెళ్తే ఒక్కొక్క పేరూ చేత్తో రాసిన గీతలతో పెట్టెలో ఉంటుంది. దూరంగా నిలబడితే చుక్కలు నిండిన ఆకాశం. కొన్ని చోట్ల రాత చెరిగి ఖాళీలున్నాయి. ఊచకోతలకి, అంటురోగాలకి తెగిపోయిన కొమ్మలవి. గది మధ్యలో నల్లటి నీళ్ళు, నీళ్ళ పైన తెల్ల కాగితాల దొంతరలు. పోలీసుల చేతుల్లో, జైళ్ళలో చనిపోయిన ఆదివాసుల విచారణ పత్రాలు. ఇంతే. సుద్ద, నీళ్ళు, కాగితం. ఆ గదిలోకి మాట్లాడుతూ వచ్చినవాళ్ళు రెండడుగులకే గొంతు తగ్గించేవారు. దానికి పెవిలియన్ల స్వర్ణ సింహం దక్కింది. నువ్వు ఇలాంటిది ఒక్కటి చూపిస్తావు కాబట్టే నీ దగ్గరికి వెళ్ళొద్దని మా మేనకోడలికి చెప్పలేకపోతున్నాను. అది ఎక్కడో ఒక మూల ఉంటుందని, ఒక్క రోజు మనిషికి అది కనబడే పూచీ లేదని కూడా చెప్పక తప్పదు.

నీ ఊరి మాట ఒకటి. 1950ల మొదట్లో పాత వెనిస్‌లో లక్షా డెబ్బై వేల మంది దాకా ఉండేవారు. ఇప్పుడు యాభై వేలు కూడా లేరు. ఇళ్ళు పర్యాటకుల బసలయ్యాయి. నీ పండుగ వచ్చిందంటే మిగిలిన పాత భవంతులకి అద్దెలు లేస్తాయి, నీ తోటలో చోటు దొరకని దేశాల్లో చాలా వాటినే అద్దెకి తీసుకుంటాయి. అది ఊరివాళ్ళకి కష్టమే. కానీ ఒక మేలు కూడా ఉంది, దాన్ని నువ్వు గట్టిగా చెప్పుకోవు. అలా ఊళ్ళో పెట్టిన పెవిలియన్లలో, అనుబంధ ప్రదర్శనల్లో చాలా వాటికి టికెట్ లేదు. సందులో నడుస్తూ గుమ్మం పక్కన నీ పేరున్న బోర్డు చూసి లోపలికి వెళ్ళిపోవచ్చు. పాత చర్చిలు, పెద్దింటి మేడలు, సరుకు గోదాములు. ఎవరూ డబ్బడగరు, పాస్‌పోర్టు అడగరు. పేద దేశాలు, చిన్న దేశాలు ఎక్కువగా కనిపించేది అక్కడే. నీ తోటలో ఇల్లున్న దేశాల ప్రదర్శనకి డబ్బు కట్టాలి, ఇల్లు లేక ఊళ్ళో అద్దెకుండే దేశాల ప్రదర్శన చాలామటుకు ఊరికే చూడొచ్చు. ఉదారత ఎవరిదో నువ్వే చెప్పు.

2026 ప్రదర్శనకి నువ్వు కోయో కువోను ఎంచుకున్నావు. కామెరూన్‌లో పుట్టిన మనిషి, ఆ పదవికి వచ్చిన మొదటి ఆఫ్రికా స్త్రీ. 2025 మేలో హఠాత్తుగా చనిపోయారు. ఆవిడ వేసిన ప్రణాళికని ఆవిడ జట్టు చేతే పూర్తి చేయిస్తానన్నావు. సంగీతంలో మంద్రంగా, లోగొంతుతో పలికే స్వరాల పేరు ఆ ప్రదర్శనకి పెట్టుకుందావిడ. 331 మందిని వరసగా నిలబెట్టే నీకు లోగొంతు ఎంత అవసరమో ఆవిడకి తెలిసినట్టుంది.

అందుకని మా మేనకోడలికి నేనిచ్చిన జవాబు ఇది. తీసుకెళ్ళు. జార్దీనీ వదిలెయ్. అక్కడ ఎంత మంచిదున్నా వదిలెయ్. ఆర్సెనాలే ఒక్కటే పెట్టుకో. పగలు తెరవగానే వెళ్ళి మూడు గంటలుండు, భారత పెవిలియన్ ఎక్కడుందో మాత్రం ముందే చూసి పెట్టుకో. లోపల గోడల మీద రాసినవన్నీ నాన్నకి తెలుగులో చెప్పాలని తాపత్రయపడకు. నువ్వు వెనక నడువు, నాన్నని ముందు నడవనియ్యి. ఆయన దేని ముందు ఆగితే దాని ముందు ఆగు, ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడు. దాటేసినదాన్ని దాటేసినట్టే వదిలెయ్, వెనక్కి లాగకు. ఏదైనా దగ్గర పేరు, వివరం లేకపోతే కాపలా ఉన్నవాళ్ళని అడుగు. సిగ్గుపడకు, వాళ్ళలో చాలామంది కళ చదువుకుంటున్న పిల్లలే. బయటికొచ్చాక అమ్మకి ఓపికుంటే కాస్తెల్లో అనే పేట సందుల్లో టికెట్ లేని గుమ్మాలు ఒకటో రెండో ఎక్కండి, లేకపోతే నీళ్ళ గట్టున కూర్చోండి. గొండోలా ఎక్కకపోయినా వెనిస్ ఎక్కడికీ పోదు.

ఇంకొక్క మాట. 2026 బినాలే మే 9 నుంచి నవంబరు 22 దాకా. మామూలుగా సోమవారం మూసి ఉంటుంది, వెనిస్ రోజు సోమవారం పడకుండా రైలు టికెట్లు మార్చుకో.